‘వడ్లు అమ్మినంక’ అంటే ఏ తారీఖు?

పాలకీడులో ఏ ఎరువుల దుకాణం ముందైనా జులైలో ఒక పూట నిలబడి వినండి. “పైసలు ఎప్పుడిస్తవ్?” అన్న ప్రశ్నకు తారీఖు జవాబుగా రాదు. “వడ్లు అమ్మినంక” అంటాడు ఒకాయన. ఇంకొకాయన “పత్తి ఏరినంక” అంటాడు. కొంచెం ఎక్కువ గడువు కావాలనుకునేవాడు “జానపహాడ్ ఉర్సు అయినంక” అంటాడు. అంటే జనవరి ఆఖరుకు అన్నమాట. పట్టా తన పేరు మీద ఉన్నవాడైతే “రైతుబంధు పడ్డంక” అనేవాడు, ఇప్పుడు “రైతు భరోసా పడ్డంక” అంటున్నాడు. కౌలు రైతుకు ఆ మాట అనే వీలు లేదు, ఆ పైసలు పడేది పట్టాదారు ఖాతాలో. దుకాణదారుకు ఇవన్నీ స్పష్టంగా అర్థమవుతాయి. నేను ఉద్యోగంలో రాసే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఒక్కటీ అర్థం కాదు. బిల్లు తెరిస్తే అందులో ‘డ్యూ డేట్’ అని ఒక గడి ఉంటుంది. అందులో రోజు, నెల, సంవత్సరం పడతాయి. ‘నంక’ పట్టదు.

నేను పనిచేసేది చిన్న వ్యాపారాల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మీద. అందులోనూ క్యాష్ ఫ్లో ఫోర్‌కాస్టింగ్ అనే భాగం మీద. పేరు పెద్దది గానీ పని చిన్నదే. ఇవాళ గల్లాలో, బ్యాంకులో ఎంతుంది, రావలసినవి ఏ రోజుకు వస్తాయి, ఇవ్వవలసినవి ఏ రోజుకు ఇవ్వాలి అని వరసగా కూడుతూ, తీసేస్తూ పోతే రాబోయే తొంభై రోజులకు ఒక గీత వస్తుంది. ఆ గీత ఎక్కడ సున్నా కిందికి దిగితే అక్కడ ఎర్ర రంగు. అంతే. కానీ చిన్న వ్యాపారానికి ఈ గీత చాలా ముఖ్యం. దుకాణాలు మూతపడేది చాలాసార్లు నష్టం వల్ల కాదు. పుస్తకంలో లాభం కనిపిస్తూనే ఉంటుంది. డీలర్‌కు కట్టాల్సిన రోజున చేతిలో రూపాయి ఉండదు. దాన్ని ముందే చెప్పగలిగితే మనిషి ఏదో దారి చూసుకుంటాడు.

ఈ గీతకు పునాది డ్యూ డేట్. అప్పుకు గడువు అంటే క్యాలెండర్‌లో ఒక గడి అన్న ఆలోచన మనకు ఎంత సహజంగా అనిపిస్తుందంటే, దానికీ ఒక చరిత్ర ఉందని తట్టదు. ఆ చరిత్రలో పాలకీడు లాంటి ఊళ్లు ఎక్కడ ఇరుక్కున్నాయో చూద్దామనే ఈ వ్యాసం.

ముందు ఊరి సంగతి. పాలకీడు ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో మండల కేంద్రం. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడే అదీ కొత్త మండలమైంది. అటు హుజూర్‌నగర్, నేరేడుచర్ల, ఇటు మిర్యాలగూడ. కృష్ణ, మూసీ కలిసే వాడపల్లి దగ్గర్లోనే. సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, జానపహాడ్ దర్గా ఉంది. కానీ ఊరి గల్లా నడిచేది వరి మీద. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఈ దిక్కంతా వరిసాగు పెరిగింది, వరితో మిల్లులొచ్చాయి, మిల్లులతో మిర్యాలగూడ ఎదిగింది. కాలువ, బోరు, లిఫ్టు: ఏ చేను దేని కింద ఉందన్నదాన్ని బట్టే మనుషుల ఆర్థిక స్థితి.

మా చిన్నాయనకు ఈ మండలంలోనే ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. ఆయన పుస్తకం చూశాకే నాకీ వ్యాపారం లెక్క తెలిసింది. పేర్లు వదిలేసి, నమూనాగా ఒక రైతును ఊహించుకుందాం. నాలుగెకరాలు, కాలువ కింద. జూన్ 20న విత్తనాలు, నాలుగు వేలు. ఆగస్టు 5న డీఏపీ, పొటాష్, తొమ్మిది వేలు. సెప్టెంబర్ 10న యూరియా, పురుగుమందు, ఏడు వేలు. అక్టోబర్ 15న దోమపోటు మందు, ఐదు వేలు. మొత్తం పాతిక వేలు ఉద్దెర. డిసెంబర్ 5న వడ్ల పైసలు ఖాతాలో పడతాయి. ఆ రోజే వచ్చి మొత్తం కట్టేస్తాడు.

దీన్ని సాఫ్ట్‌వేర్ కళ్లతో చూడండి. మొదటి బిల్లు కట్టడానికి 168 రోజులు పట్టింది, రెండోదానికి 122, మూడోదానికి 86, నాలుగోదానికి 51. సగటు సుమారు 107 రోజులు. కానీ ఒక్కో బిల్లు ఆ సగటు నుంచి ఎంత దూరం పోతోందో చూస్తే ఏ నమూనా అయినా ఇచ్చే తీర్పు ఒక్కటే: ఈ కస్టమర్ నిలకడ లేనివాడు, ఎప్పుడు కడతాడో చెప్పలేం. బిల్లుల మీద ముప్పై రోజుల గడువు వేసి ఉంటే ఇంకా అన్యాయం. డిసెంబర్ 1న తీసిన వయసు పట్టికలో (ముప్పై రోజుల లోపు, అరవై, తొంభై, ఆపైన అని బాకీలను గడుల్లో వేస్తారే, అది) ఈయన బిల్లులన్నీ గడువు దాటినవే. నిజానికి ఇంతకన్నా నిలకడైన మనిషి ఉండడు. నాలుగు బిల్లులూ ఒకే రోజు కట్టాడు. ఆయన మాటిచ్చింది ఒక సంఘటనకు. ఆ సంఘటన జరిగింది, వచ్చాడు.

అంచనా దగ్గరికొస్తే తప్పు ఇంకా పెద్దదవుతుంది. యాసంగిలో ఆయన జనవరి 10న ఒక బిల్లు, మార్చి 20న ఒక బిల్లు చేశాడనుకోండి. 107 రోజుల సగటు ప్రకారం మొదటిది ఏప్రిల్ 27న, రెండోది జులై 5న రావాలి. యాసంగి కోతలు ఏప్రిల్ చివర, మే మొదట్లో. అమ్మి, పైసలు పడేసరికి మే మూడో వారం. రెండు బిల్లులూ ఆ రోజే వస్తాయి. అంటే ఏప్రిల్ చివర్లో సాఫ్ట్‌వేర్ చూపించిన డబ్బు గల్లాలో ఉండదు. జూన్ మొదట్లో కొత్త సరుకు తెచ్చుకోవడానికి ఎంతుందో చూద్దామంటే అప్పటికే వచ్చేసిన డబ్బు ఇంకా రానట్టు చూపిస్తుంది. ఇలాంటి రైతులు మూడొందల మంది ఉన్న దుకాణంలో ఆ గీతను నమ్మి సరుకు ఆర్డర్ పెట్టేవాడు మునుగుతాడు.

మరి పాతకాలంలో ఎలా చేశారు?

అర్థశాస్త్రం రెండో అధికరణంలో ఆదాయాన్ని లెక్కపెట్టే పద్ధతి ఉంది. 1905లో మైసూరులో శామశాస్త్రి చేతికి ఆ తాళపత్ర ప్రతి రాకపోతే మనకు తెలిసేదే కాదు. అందులో సమాహర్త చూడవలసిన పద్దులు కరణీయం, సిద్ధం, శేషం, ఆయం, వ్యయం, నీవి. కరణీయం అంటే రాబట్టవలసినది, సిద్ధం అంటే వచ్చేసినది, శేషం బాకీ, నీవి చేతిలో మిగిలిన నిల్వ. మొదటి పద్దు అంచనా అన్నది నాకు చాలా ముచ్చటగా తోచిన విషయం. ఇప్పటి అకౌంటింగ్ పుస్తకం జరిగినదానితో మొదలవుతుంది, అంచనా ఒక అనుబంధం. అక్కడ అంచనాతోనే లెక్క మొదలు. ఇక సంవత్సరం ముగిసేది ఆషాఢ పున్నమికి, అంటే వానాకాలం పంట మొదలయ్యే వేళకు. అప్పటికి పాత పంట లెక్క తేలిపోయి ఉంటుంది. అయితే అది రాజు ఖజానా లెక్క, శెట్టి గల్లా లెక్క కాదన్నది మర్చిపోకూడదు. అర్థశాస్త్రంలో అన్నీ ఉన్నాయని చెప్పే వాట్సాప్ మెసేజ్‌ల జాబితాలో నేనొకటి చేర్చదలచుకోలేదు.

మొగలుల కాలం నుంచి నిజాం రాజ్యం దాకా సర్కారు లెక్కల సంవత్సరం పేరు ఫసలీ. ఫసల్ అంటే పంట. సంవత్సరానికే పంట పేరు! కానీ అదే పాలనలో శిస్తు వసూలుకు ‘కిస్తు’ వచ్చింది. శిస్తును వాయిదాలుగా, ఫలానా రోజుకు ఇంత అని కట్టాలి. పంట పేరున్న సంవత్సరంలో పంటతో సంబంధం లేని తారీఖులు. గింజ ఇంటికి రాకముందే కిస్తు రోజు వచ్చేస్తే రైతు ఏం చేయాలి? సాహుకారు దగ్గరికి పోవాలి. సర్కారు తారీఖుకూ పంట కోతకూ మధ్య ఉన్న ఆ కొన్ని వారాలే వడ్డీ వ్యాపారికి బతుకుదెరువు. ఇవాళ బండి మీదా, ఫోన్ మీదా నెలనెలా కడుతున్న ఈఎంఐని మా దిక్కు ఇప్పటికీ ‘కిస్తీ’ అనే అంటారు.

సాహుకారు మాత్రం తారీఖు అడగలేదు. నల్లగొండ పల్లెల్లో ‘నాగు’ అని ఒక పద్ధతి ఉండేది. విత్తనాలకో తిండికో గింజలు తీసుకుంటారు. పంట వచ్చినప్పుడు ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇవ్వాలి, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. గడువు కల్లం. అచ్చంగా ‘నంక’ పద్ధతే. పై లెక్క చూసి, ఊరి పద్ధతి ఎంత గొప్పది, సాఫ్ట్‌వేర్ ఎంత మూర్ఖమైనది అనుకుంటున్నవాళ్లు ఇక్కడ కాసేపు ఆగాలి. సంఘటనకు కట్టిన గడువులో అప్పిచ్చినవాడికి ఒక పెద్ద సౌకర్యం ఉంది: రైతు చేతికి గింజ వచ్చే క్షణాన, ధర అన్నిటికన్నా తక్కువున్న వేళ, కల్లం దగ్గర తానే నిలబడి కొలిపించుకోవచ్చు. తర్వాత మంచి ధరకు అమ్ముకుందామన్న ఆలోచనకు రైతుకు చోటుండదు. 1875లో పుణె, అహ్మద్‌నగర్ జిల్లాల్లో రైతులు సాహుకార్ల పత్రాలు తగలబెట్టారు. డెబ్భై ఏళ్ల తర్వాత తెలంగాణ సాయుధ పోరాటంలో నల్లగొండ పల్లెల్లోనూ అప్పు పత్రాలు మంటల్లో పడ్డాయి. ఆ కాగితాల మీద రాసి ఉన్నది ఒకరకంగా క్యాష్ ఫ్లో ఫోర్‌కాస్టే. ఎవరి పంట ఎవరి ఇంటికి ఎప్పుడు రావాలో వాటి మీద ముందే రాసిపెట్టి ఉంది.

వర్తకుల మధ్య నడిచింది వేరే వ్యవహారం. వాళ్ల హుండీల్లో దర్శనీ హుండీ చూపించగానే డబ్బు ఇవ్వాల్సినది. ముద్దతీ హుండీకి ఇన్ని రోజులని గడువు. వీటి మధ్య జోఖమీ హుండీ అని ఒక వింత రకం ఉండేది. సరుకు క్షేమంగా చేరితేనే దాని మీద డబ్బు. ఓడ మునిగితే లేదు. అప్పుపత్రం, బీమా కలిపి ఒకే కాగితంలో చుట్టేసినట్టు. ‘సరుకు చేరినంక’ అన్న మాటను పత్రంగా మార్చిన ఆ వర్తకుడెవరో గానీ, నా వృత్తిలో వాడికి గుడి కట్టాలి.

1881లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం వచ్చింది. ఇవాళ చెక్ బౌన్స్ కేసులన్నీ నడిచేది దానికింద వచ్చిన సవరణతోనే. ఆ చట్టం అడిగేది షరతు లేని మాట. ఫలానాది జరిగితేనే ఇస్తానంటే అది చెల్లే పత్రం కాదు. కాబట్టి జోఖమీ హుండీ ఆ చట్టం గడప దాటి లోపలికి రాలేకపోయింది. ఐదో సెక్షన్‌లో మాత్రం ఒక ఆసక్తికరమైన వెసులుబాటు ఉంది. గడువును ఒక సంఘటనతో ముడిపెట్టినా సరే, ఆ సంఘటన మనుషుల సాధారణ అంచనా ప్రకారం తప్పకుండా జరిగేదైతే, ఎప్పుడు జరుగుతుందో తెలియకపోయినా, దాన్ని షరతుగా చూడరు. ‘ఎప్పుడో తెలియదు గానీ తప్పక జరుగుతుంది’, ‘అసలు జరుగుతుందో లేదో తెలియదు’: ఈ రెండింటి మధ్య గీత గీసింది ఆ చట్టం. నేను చదివిన ఏ ఫోర్‌కాస్టింగ్ పాఠ్యపుస్తకమూ ఇంత స్పష్టంగా ఈ తేడా చెప్పలేదు.

మరి వరికోత తప్పకుండా జరిగే సంఘటనేనా? కాలువ మొదట్లో ఉన్నవాడికి దాదాపు అవును. చివరి భూములవాడికి కాదు. 2024 సెప్టెంబర్ మొదట్లో కురిసిన వానలకు కోదాడ మునిగింది, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. గండికి దిగువన ఉన్న ఆయకట్టులో ఆగస్టులో ఎవరైనా అన్న ‘వడ్లు అమ్మినంక’ అప్పటిదాకా మొదటి రకం. ఆ ఒక్క రోజుతో రెండో రకమైపోయింది.

కంప్యూటర్లు వచ్చాక జరిగింది చాలామందికి తెలిసిందే, త్వరగా చెప్తాను. 1979లో బ్రిక్లిన్, ఫ్రాంక్‌స్టన్ తయారుచేసిన విజిక్యాల్‌తో ఒక అంకె మారిస్తే మిగతావన్నీ వాటంతటవే మారడం మొదలైంది. ‘ఇలా అయితే ఏమవుతుంది’ అన్న ప్రశ్న చిన్న వ్యాపారికీ అందుబాటులోకి వచ్చింది. మన దగ్గర 1986లో బెంగళూరులో శ్యామ్ సుందర్ గోయెంకా తన వ్యాపారానికి సరిపడే సాఫ్ట్‌వేర్ దొరక్క కొడుకు భరత్‌తో రాయించుకున్నది పెరిగి ట్యాలీ అయింది. ఖాతాలకు కోడ్ నంబర్లు అక్కర్లేకుండా పేర్లతోనే లెక్క రాసుకోవచ్చన్నది దాని విజయం. గుమాస్తా తెలుగు మీడియం చదువుతోనే నేర్చుకోగలిగాడు. చిట్టా, ఆవర్జా అన్న మాటలు ఆ రోజుల్లోనే దుకాణాల నుంచి మెల్లగా వెళ్లిపోయాయి. అందులో బిల్లువారీ బాకీలున్నాయి, గడువు రోజులున్నాయి. గడువు గడి ఖాళీగా వదిలేస్తే బిల్లు తారీఖే గడువు తారీఖవుతుంది. మా చిన్నాయన దుకాణంలో ఎంట్రీలు కొట్టే పిల్లవాడు దాన్ని ఎప్పుడూ ఖాళీగానే వదిలేస్తాడు. ఏం రాయాలి మరి? అందుకని అక్కడ ప్రతి బాకీ పుట్టిన మర్నాటి నుంచే గడువు మీరినది.

సాఫ్ట్‌వేర్ కన్నా ఎక్కువ పని చేసినవి రెండు ప్రభుత్వ నిర్ణయాలు. వీటి గురించి సాహిత్య పత్రికల్లో ఎవరూ రాయరు, ఎందుకు రాయరో కూడా అర్థం చేసుకోగలను.

మొదటిది సంవత్సరం. 1980ల చివరిదాకా వ్యాపారి తన లెక్కల సంవత్సరాన్ని తానే ఎంచుకునేవాడు. మార్వాడీ దుకాణాల్లో దీపావళికి కొత్త బహీ తెరిచేవారు. 1989-90 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఆదాయపు పన్నుకు అందరికీ ఒకటే, ఏప్రిల్ 1 నుంచి మార్చి 31. పన్ను లెక్కకు అది సులువే. కానీ మార్చి 31న పాలకీడు ఎలా ఉంటుందో చూడండి. యాసంగి వరి పొట్ట మీదో గింజ పాల మీదో ఉంటుంది. యాసంగికి ఇచ్చిన ఉద్దెరంతా ఊళ్లోనే ఉంది, గల్లా ఖాళీ. ఏడాది మొత్తంలో దుకాణం ఆరోగ్యం అతి హీనంగా కనిపించే రోజుల్లో ఒకదాన్ని ఎంచి ఫొటో తీసి, దాన్నే బ్యాలెన్స్ షీట్ అంటున్నాం. బ్యాంకు మేనేజర్ ఆ ఫొటో చూసి మనిషిని అంచనా వేస్తాడు. (దీపావళి మాత్రం ఏం గొప్ప? మా దగ్గర అదీ కోతలకు ముందే పడుతుంది. మా దిక్కు లెక్కల ఏడాది న్యాయంగా సంక్రాంతికి మొదలుకావాలి.)

రెండోది నాయక్ కమిటీ. రిజర్వ్ బ్యాంకు 1991లో పి. ఆర్. నాయక్ అధ్యక్షతన వేసిన ఈ కమిటీ చిన్న పరిశ్రమలకు నిర్వహణ అప్పు ఎంతివ్వాలో ఒక సులభ సూత్రం ఇచ్చింది. రాబోయే ఏడాది అమ్మకాల అంచనాలో 20 శాతం బ్యాంకు ఇవ్వాలి, 5 శాతం యజమాని పెట్టుకోవాలి. రెండూ కలిపితే 25 శాతం, అంటే నాలుగో వంతు. డబ్బు సరుకై, సరుకు బాకీయై, బాకీ మళ్లీ డబ్బయ్యే చక్రం మూడు నెలలకొకసారి తిరుగుతుందన్న ఊహ అందులో ఉంది. చిన్నవాళ్లకు బ్యాంకు గుమ్మం తెరిచిన మంచి సూత్రమే అది, నాకందులో అనుమానం లేదు. కానీ ఏడాదికి కోటి రూపాయలు అమ్మే ఎరువుల దుకాణం తీసుకోండి. సూత్రం ప్రకారం పాతిక లక్షలు చాలు. సగటు మీద నిజంగానే చాలేమో, పైన చూసిన 107 రోజులూ ఇంచుమించు మూడు నెలలే కదా. చిక్కేమిటంటే దుకాణం సగటు మీద బతకదు. అమ్మకాలన్నీ ఉద్దెరే అయితే, వానాకాలానికి అమ్మిన యాభై లక్షలూ కోత ముందు రోజుకు బయటే ఉంటాయి. ఆ రోజుకు కావలసింది యాభై. డీలర్ ఆగినంత ఆగగా, మిగిలిన తేడా నూటికి రెండో మూడో మిత్తికి బయట తెచ్చుకోవాలి. ఆ మిత్తి యూరియా బస్తా మీద వేయడం కుదరదు, 45 కిలోల బస్తా ధర 266 రూపాయల 50 పైసలని సర్కారే అచ్చు వేసింది. కాబట్టి అది పురుగుమందుల మీదికీ, ‘టానిక్’ల మీదికీ ఎక్కుతుంది. ఆ టానిక్‌లు చేనుకు కావాలా అని అడక్కండి.

ఇక ఆ ‘రాబోయే ఏడాది అమ్మకాల అంచనా’ ఎలా తయారవుతుంది? ఎక్కడైనా అంతే: ఎంత అప్పు కావాలో ముందు అనుకుంటారు, దానికి సరిపడే అమ్మకాలు వెనక్కి లెక్కగట్టి కాగితం మీద పెడతారు. మన చిన్న పట్టణాల్లో ఏడాదికి ఎన్ని ఫోర్‌కాస్టులు తయారవుతాయో! అన్నీ భూతకాలంలో రాసిన భవిష్యత్తులే.

ఇదంతా ఒక చోట ఢీకొంటుంది. బ్యాంకు అప్పు మొండి బాకీ ఎప్పుడవుతుందన్న నియమంలో. 2004 నుంచి మామూలు అప్పుకు 90 రోజులు. కానీ పంట అప్పుకు అది వర్తించదు. స్వల్పకాలిక పంటలైతే గడువు మీరాక రెండు పంటకాలాలు గడిస్తేనే మొండి బాకీ. పంటకాలం ఎంతన్నది రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీ తేలుస్తుంది. అంటే ‘నంక’ అన్న మాట రిజర్వ్ బ్యాంకుకు తెలుసు! రైతు డబ్బు రోజుల్లో కాదు, పంటల్లో తిరుగుతుందని అది ఒప్పుకుని నియమంగా రాసింది. ఆ రైతుకు ఉద్దెర ఇచ్చిన దుకాణం క్యాష్ క్రెడిట్ ఖాతాకు మాత్రం 90 రోజులే. ఖాతాలో అన్నాళ్లు జమ పడకపోతే ఎర్రజెండా. రైతును కాపాడిన నియమం, రైతు చేతిలోని బాకీ దుకాణదారు పుస్తకంలోకి మారగానే ఆగిపోతుంది. పంట కాలమూ క్యాలెండర్ కాలమూ కలిసేది ఆ కౌంటర్ మీదే. మధ్యలో ఉన్న మనిషి రెండు గడియారాలకూ జవాబు చెప్పుకోవాలి.

మూడో గడియారం కూడా ఉంది. 2018 నుంచి ఎరువు అమ్మాలంటే పీఓఎస్ మెషీన్‌లో రైతు వేలిముద్ర పడాలి. ఆ అమ్మకాన్ని బట్టి కేంద్రం కంపెనీకి సబ్సిడీ వారాల లెక్కన విడుదల చేస్తుంది. ఆగస్టు 5న పాలకీడులో బస్తా కదిలిన సంగతి ఢిల్లీకి ఆ రోజే తెలుసు. దాని మీద కంపెనీకి రావలసింది దసరాకు ముందే రావచ్చు. దుకాణానికి రావలసింది డిసెంబర్‌లో.

మా చిన్నాయన దగ్గర కంప్యూటర్‌తో పాటు ఒక పొడుగాటి పుస్తకం కూడా ఉంటుంది. అందులో బిల్లుకో వరస కాదు, రైతుకో పేజీ. పేజీ పైన పేరు, ఊరు, ఆ కింద ‘కాల్వ 4, బోరు 2’ అనో ‘లిఫ్టు 3 కౌలు’ అనో ఉంటుంది. ఎందుకని అడిగితే, “కాల్వ పైసలు మొదలొస్తయి, బోరు పైసలు యాసంగిల గూడ వస్తయి. లిఫ్టు మోటరు కాలితే రావు. గంతే” అన్నాడు. నేను రాసే సాఫ్ట్‌వేర్‌లో కస్టమర్ వివరాల పేజీలో జీఎస్టీ నంబరు, పాన్, ఈమెయిల్, పిన్‌కోడ్ ఉన్నాయి. రైతుకు జీఎస్టీ నంబరు ఉండదు. డబ్బు ఎప్పుడొస్తుందో చెప్పే వివరం ఒక్కటీ మా పేజీలో లేదు. ఆయన పేజీలో ఉన్నది అదొక్కటే.

ఇంకొకటి కూడా గమనించాను. జూన్ నుంచి ఆయన పేపర్లో మొదట చూసేది జలాశయాల నీటిమట్టాలు. ఆలమట్టి నిండాలి, నారాయణపూర్ నిండాలి, జూరాల దాటాలి, శ్రీశైలం 885 అడుగులకు దగ్గరపడాలి, అప్పుడు సాగర్. సాగర్ పూర్తి మట్టం 590. ఎక్కడో కర్ణాటకలో గేట్లెత్తిన రోజు నుంచి ఇక్కడ నాట్లు ఎప్పుడు, కోతలు ఎప్పుడు అని ఆయన వేళ్ల మీద లెక్కేస్తాడు. కోత తర్వాత కూడా దారి పొడుగే. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి దిగాలి, గోనె సంచులు రావాలి, హమాలీలు దొరకాలి, లారీ రావాలి, మిల్లులో దించుకున్నట్టు ట్రక్ షీట్ తిరిగి రావాలి, అప్పుడు ఖాతాలో పైసలు. “ఏ తారీఖుకు వస్తయి చిన్నాయనా?” అని నేను ప్రోగ్రామర్ బుద్ధి పోనిచ్చుకోకుండా అడుగుతూనే ఉంటాను. “తారీఖు నాకేమెరుక బిడ్డా. లారీలు కదుల్తున్నయా లేదా చెప్పు, నేను దినాలు చెప్త.”

ఇది సాఫ్ట్‌వేర్‌లో రాయలేనిదేమీ కాదు. డ్యూ డేట్ గడి పక్కన ‘దేని తర్వాత’ అని ఇంకో గడి. దానికి ఒక తొలి తారీఖు, ఒక మలి తారీఖు. ఒకే సంఘటనకు కట్టిన బాకీలన్నీ ఒక మూట. సంఘటన జరిగితే మూట మొత్తం కదులుతుంది, వాయిదా పడితే మొత్తం వాయిదా. గీత బదులు ఒక పట్టీ వస్తుంది, కోతల దగ్గర అది వెడల్పవుతుంది. నేను సెలవు రోజుల్లో పాత లెక్కల మీద నడిపి చూసుకుంటున్నది ఇదే. సగటు రోజులతో వేసిన గీత కన్నా చాలా దగ్గరగా వస్తోంది.

అయితే ఇది బాగా పనిచేస్తే ఏమవుతుందన్నదే నన్ను ఆపుతున్న విషయం. ‘కాల్వ 4’, ‘లిఫ్టు 3 కౌలు’ అన్న మాటలు ఇవాళ ఒక దుకాణం సొరుగులో ఉన్నాయి. రేపు అవి నా పట్టికలో రెండు నిలువు వరసలైతే, అప్పిచ్చే యాప్‌కు అవి వెంటనే కనిపిస్తాయి. దుకాణం లెక్కలు చూసి అప్పిచ్చే కంపెనీలు ఇప్పటికే ఉన్నాయి. రెండు నిమిషాల్లో అవి కనిపెట్టేది ఇదీ: చివరి భూముల కౌలు రైతుకు ఉద్దెర ఇవ్వకుండా ఉంటే దుకాణం గీత నున్నగా వస్తుంది. మా చిన్నాయనకు ఆ సంగతి తెలియక కాదు. ఆయన పుస్తకంలో అలాంటి పేజీలు చాలానే ఉన్నాయి, కొన్నింటి మీద రెండేళ్ల కిందటి బాకీ ఇంకా అలాగే ఉంది, వాటి కిందే ఈ వానాకాలం విత్తనాలు కూడా రాసి ఉన్నాయి. ఎందుకిచ్చావని నేను అడగలేదు. ఆ పక్క దుకాణం వాళ్లూ ఇస్తారు, ఇయ్యకపోతే ఊళ్లో వ్యాపారం ఉండదన్నది ఒక కారణం కావచ్చు. బాకీ ఉన్న మనిషి మళ్లీ పంట వేస్తేనే పాతదీ వస్తుందన్నది ఇంకో కారణం. మొదటి కారణాన్ని ఏదో ఒకలా అంకెల్లో పెట్టగలను. రెండోదాన్ని లెక్కలోకి తీసుకుంటే, ఉద్దెర ఆపడం కూడా ఆ ‘దేని తర్వాత’ గడిలోని సంఘటనను మార్చేస్తుంది. విత్తనాలు ఇవ్వకపోతే నాటు లేదు, నాటు లేకపోతే వడ్లు లేవు, ‘వడ్లు అమ్మినంక’ అన్నది ఎప్పటికీ రాదు. అంచనా వేసేవాడు అంచనాకు బయట నిలబడే వీలు ఇక్కడ లేదు.

ఆ రెండు నిలువు వరసలనూ బయటికి వెళ్లే ఫైల్‌లో చేర్చకుండా, దుకాణం కంప్యూటర్‌లోనే ఉండేట్టు రాశాను ప్రస్తుతానికి. యాసంగి వడ్లు ఇంకా కల్లాల్లోనే ఉన్నాయి. లారీలు నిన్నటి నుంచే కదులుతున్నాయని చిన్నాయన ఫోన్ చేశాడు.